పట్టిసీమ అను మాటలో అక్షరములెన్ని?

1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున దశాంశ నాణెములు చెలామణిలోనికి వచ్చినవి. అంతకు పూర్వము రూపాయికి 16 అణాలు. ఆనాటి నుండి 100 నయా పైసలు. అయితే అణా, బేడ ఆ రోజుననే చెల్లకుండ పోలేదు. కొంతకాలము పాత నాణెములును, కొత్త నాణెములును కలిసియే నడచినవి. ఆ మార్పులో ఒక చిక్కు కలదు. అణాకు సరియైన విలువ 6¼ నయా పైసలు. మారకపు పట్టికలో మాత్రము 6. నాలుగు అణాలను విడివిడిగా మార్చిన 24 వచ్చును, ఒక్కమారుగా మార్చిన 25 వచ్చును. లెక్క ఎక్కడను ఆగదు; జవాబు మాత్రము మారును.

కంప్యూటరు ప్రోగ్రాములలోను ఇట్టి మార్పులు, ఇట్టి చిక్కులు కలవు. ప్రోగ్రాము వ్రాయువారు ప్రతి పనిని మొదటి నుండి తామే వ్రాసికొనరు. తరచుగా కావలసిన పనులను ఇతరులు వ్రాసి సిద్ధపరచిన సంపుటమును లైబ్రరీ అందురు. దానిని రచించినవారు ఒక పాత సౌకర్యమును తీసివేయదలచినచో, ముందుగా “దీనిని ఇకపై వాడవలదు” అని హెచ్చరిక చేర్చుదురు. కొన్ని కూర్పుల తరువాత దానిని తొలగింతురు. ఆనాటికిని మార్చుకొనని ప్రోగ్రాము ఆగిపోవును.

పైథాన్ అను ప్రోగ్రాము భాషనే చూడుడు. దాని ‘కలెక్షన్స్’ లైబ్రరీలోని ‘మ్యాపింగ్’ అను పేరు 2012లో 3.3 కూర్పుతో వేరొక చోటికి మారినది. పాత చోటున అది 2021లో, 3.10 కూర్పులో, తొలగింపబడినది. తొమ్మిది సంవత్సరముల గడువు! అయినను ఆనాడు అనేక ప్రోగ్రాములు ఆగిపోయినవి. కారణమేమి? ఇట్టి హెచ్చరికలు 2010 నాటి 2.7 కూర్పు నుండి, ప్రత్యేకముగా కోరిననే తప్ప, తెరపై కనబడకుండ చేయబడినవి. ప్రోగ్రామును వాడుకొను సామాన్యునకు అవి విసుగు కలిగించుటయే గాని, సరిదిద్దుట అతని చేతిలో లేదు గదా!

ఇంతకంటె పెద్ద మార్పు 2008 డిసెంబరు 3న వెలువడిన పైథాన్ 3. ఇది మన లిపికి సంబంధించినది. గోదావరి నడిమి గుట్టపై వీరేశ్వరాలయము గల పట్టిసీమ పేరునే తీసికొందము. బడిలో మనము ప, ట్టి, సీ, మ అని 4 అక్షరములు లెక్కింతుము. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో ప, ట, పొల్లు, ట, గుడి, స, గుడిదీర్ఘము, మ అని 8 సంకేతములు. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు, వెరసి 24.

ఈ మాట నిడివి ఎంత అని అడిగినచో పైథాన్ 2 సాధారణముగా 24 అని చెప్పెడిది; పైథాన్ 3 చెప్పునది 8. పాత కూర్పులో మాటను 20 బైట్లకు కత్తిరించిన, 6 సంకేతములు పోగా 2 బైట్లు మిగిలి, ఏడవ సంకేతము విరిగిపోయెడిది. కొత్త కూర్పులో ఆ దోషము తొలగినది. కాని తెలుగు కొరకు, నిడివిని 3తో భాగించి సంకేతముల సంఖ్య రాబట్టిన పాత ప్రోగ్రామును ఊహించుడు. అక్కడ 24ను 3తో భాగించిన 8 వచ్చును. ఇక్కడ 8ని 3తో భాగించిన 2.66 వచ్చును. పాత పద్ధతికి తగినట్లు వ్రాసిన సవరణయే కొత్త పద్ధతిలో తప్పైనది. భాగహారము కూడ మారినది: 5ను 2తో భాగించిన పూర్వము 2 వచ్చెడిది, ఇప్పుడు 2.5 వచ్చును.

కావున దోషములు రెండు విధములు. పేరు తొలగిపోయినచో ప్రోగ్రాము ఆగి, ఏ పంక్తిలో తప్పు ఉన్నదో చెప్పును. దానిని దిద్దుట సులభము. పేరు నిలిచి అర్థము మారినచో ప్రోగ్రాము నడచుచునే తప్పు జవాబిచ్చును. భయపడవలసినది ఈ రెండవదానికే. పైథాన్ 2కు మొదట 2015 వరకే గడువు. 2014లో దానిని పొడిగించిరి. తుదకు 2020 జనవరి 1తో దాని పోషణ ముగిసినది. పేర్లను తామే మార్చు సాధనములు ఆ కాలమున తోడ్పడినవి గాని, వ్రాసినవాని ఉద్దేశమును ఏ సాధనము తెలిసికొనగలదు?

సరిదిద్దు క్రమము ఇది. మొదట ఇప్పటి కూర్పులోనే హెచ్చరికలన్నియు కనబడునట్లు చేసి, ప్రోగ్రామును నడపవలెను. జవాబు ముందే తెలిసిన లెక్కలు కొన్ని వ్రాసి ఉంచుకొనవలెను. ఒక్కొక్క హెచ్చరికను చదివి, పాత సౌకర్యము చేసిన పని యేమో గ్రహించి, తగిన కొత్తదానిని ఉంచవలెను. పిదప ఒక్కొక్క కూర్పుగా ముందుకు సాగి, ప్రతి మెట్టులోను ఆ లెక్కలను మరల సరిచూడవలెను.

విద్యార్థులు తమ ఊరి పేరును తెలుగులో వ్రాసి, అక్షరములు, సంకేతములు, బైట్లు మూడు విధముల లెక్కించి చూడవచ్చును. మూడు సంఖ్యలును నిజమే. ప్రోగ్రాము అడుగుచున్నది వాటిలో దేనినో తెలిసికొనుటయే ముఖ్యము.