నలుపు-తెలుపు ఫిల్ము డెవలపర్ ఎంపిక

డెవలపర్ అనగా కాంతి సోకిన నలుపు-తెలుపు ఫిల్ము మీద కంటికి కనిపించని ప్రతిబింబాన్ని నెగటివ్‌గా మార్చే రసాయన ద్రావణం. ఫిల్ము పూతలోని సిల్వర్ హాలైడ్ స్ఫటికాలలో కాంతి తగిలిన వాటిని ఇది వెండిగా మారుస్తుంది. మిగిలిన వాటిని తరువాత హైపో కరిగించి తొలగిస్తుంది. డెవలపర్‌ను సాధారణంగా రేణువుల సన్నదనం, ఫిల్ము వేగం, నిల్వ కాలం చూసి ఎంచుకుంటారు. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలలో మాత్రం వీటికన్నా ముందు ఎండను, నీటిని చూడవలసి ఉంటుంది. కాంతి సోకిన ఫిల్మును కడగడానికి ఒక్కటే అవకాశం ఉంటుంది, అది చెడితే చిత్రం పోయినట్లే.

చరిత్ర

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జిలాటిన్ పొడి పలకల విధానాన్ని ప్రకటించాడు. దీనితో చిత్రం తీసిన వెంటనే పలకను కడగవలసిన అవసరం తప్పింది. ఆరవ నిజాము కొలువులో ఫొటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ (1844-1905) సికింద్రాబాదు స్టూడియోలో గాజు పలకల మీదనే చిత్రాలు తీశాడు. ఆయన నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 1891లో ఆగ్ఫా సంస్థ రొడినాల్‌ను, 1920లలో కొడాక్ సంస్థ డి-76ను విడుదల చేశాయి. ఇల్‌ఫర్డ్ వారి ఐడి-11 దాదాపు డి-76 వంటిదే. 1960లో ఊటీలో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో నలుపు-తెలుపు ఫిల్ములు తయారు చేసేది. ఆ కర్మాగారం తరువాత మూతపడింది.

డి-76 కూర్పు

ఒక లీటరు ద్రావణానికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు కావాలి. వీటిలో మెటాల్, హైడ్రోక్వినోన్ ప్రతిబింబాన్ని తెప్పిస్తాయి. బోరాక్స్ క్షార గుణాన్ని ఇస్తుంది. సల్ఫైట్ ద్రావణం గాలికి చెడకుండా కాపాడుతూ రేణువులను సన్నగా ఉంచుతుంది. చిక్కని సల్ఫైట్ ద్రావణంలో మెటాల్ కరగదు. కనుక చిటికెడు సల్ఫైట్ తరువాత మెటాల్‌ను, ఆపైన మిగిలిన సల్ఫైట్‌ను కలుపుతారు.

వేడి ప్రభావం

తయారీదారులు సూచించే కాలాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు చెప్పినవి. ఇల్‌ఫర్డ్ లెక్క ప్రకారం 20 డిగ్రీల వద్ద 4 నిమిషాలు పట్టే పని 23 డిగ్రీల వద్ద 3 నిమిషాలలో పూర్తవుతుంది. ఎండాకాలంలో మిద్దె మీది తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం మెట్ట ప్రాంతంలో మామూలే. హెచ్.పి.5 ప్లస్ ఫిల్ముకు పలుచన చేయని ఐడి-11లో 20 డిగ్రీల వద్ద 7½ నిమిషాలు పడుతుంది. పై నిష్పత్తిలో చూస్తే 30 డిగ్రీల వద్ద అది సుమారు 3 నిమిషాలకు పడిపోతుంది. 5 నిమిషాలకన్నా తక్కువ కాలంలో ఫిల్ము అంతటా ఒకే విధంగా కడగడం కష్టం, చారలు పడతాయి. అదే డెవలపర్‌ను సమానమైన నీటితో పలుచన చేస్తే 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు, 30 డిగ్రీల వద్ద సుమారు 5 నిమిషాలు పడుతుంది. అందువల్ల వేడి ప్రదేశాలలో పలుచన ద్రావణమే మేలు. ఒకసారి వాడి పారబోయడం వలన ఫలితం కూడా ప్రతిసారీ ఒకే తీరున ఉంటుంది.

వేడికి జిలాటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఒక ద్రావణం నుండి మరొకదానికి వెళ్ళేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితే పూత ముడుతలు పడవచ్చు. నేటి ఫిల్ములు పాతవాటికన్నా గట్టివి, అయినా డెవలపర్, హైపో, కడిగే నీరు అన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. డెవలపర్‌ను మాత్రమే చల్లబరచి, కుళాయి నీటిని వేడిగానే వాడడం తరచుగా జరిగే పొరపాటు. మంచు ముక్కలను డెవలపర్‌లో వేయరాదు, అది పలుచన అవుతుంది. సీసాలను చల్లని నీటి పళ్ళెంలో ఉంచాలి. పొడి ఎండలో మట్టి కుండలోని నీరు బయటి గాలికన్నా చల్లగా ఉంటుంది కనుక ఆ పళ్ళేనికి కుండ నీరు పనికి వస్తుంది. కొడాక్ డి.కె.-15 వంటి ఉష్ణమండల డెవలపర్లలో సోడియం సల్ఫేట్ కలుపుతారు. అది జిలాటిన్ ఉబ్బును తగ్గిస్తుంది.

నీరు

బోరు నీటిలోని కాల్షియం లవణాలు సల్ఫైట్‌తో కలిసి తెల్లని మడ్డిగా ఏర్పడి ఫిల్ముకు అంటుకుంటాయి. డెవలపర్ కలపడానికి, చివరి కడుగుకు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడటం మంచిది. నడుమ కడగడానికి వడకట్టిన మామూలు నీరు సరిపోతుంది.

ఎంపిక

నెలకు ఒకటి రెండు ఫిల్ములు మాత్రమే కడిగేవారికి చిక్కని ద్రవరూపంలో లభించే రొడినాల్ అనుకూలం. సగం ఖాళీ అయిన సీసాలో కూడా, రంగు నల్లబడినా, ఇది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అయితే 400 వేగపు ఫిల్ములలో రేణువులు ముతకగా కనిపిస్తాయి. తరచుగా కడిగేవారికి డి-76 నమ్మదగినది, కలిపిన ద్రావణం నిండు సీసాలో సుమారు ఆరు నెలలు నిలుస్తుంది. 1996లో వచ్చిన ఎక్స్‌టాల్ సన్నని రేణువులనిస్తుంది, విటమిన్ సికి సంబంధించిన పదార్థంతో తయారైనది. చెడిపోయినా దాని రంగు మారదు కనుక విలువైన ఫిల్ము కడిగే ముందు చిన్న ముక్కతో పరీక్షించాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, అటువంటివారు చేతి తొడుగులు వాడాలి లేదా ఫెనిడోన్‌తో చేసిన డెవలపర్ ఎంచుకోవాలి.