రఫూ: కంటికి కనిపించని హునర్

చిరిగిన బట్టకు రెండు ఇలాజ్‌లు. ఒకటి పైవంద్, అంటే మాసిక. వేరే గుడ్డ ముక్క పైన వేసి కుడతారు, అతుకు తెలిసిపోతుంది. రెండోది రఫూ. అదే బట్ట అంచు మడతలోంచి పోగులు లాగి, చిరిగిన చోట పడుగూ పేకా సూదితో మళ్లీ అల్లుతారు. పని కుదిరితే చిరుగు ఎక్కడుందో సొంతదారుకే దొరకదు.

పాత వస్తువును పనికిమాలిన సరుకుగా దిగజార్చకుండా, దాని ఖద్ర్ పెంచడాన్ని ఈ జమానా 'అప్‌సైక్లింగ్' అంటోంది. 1994లో జర్మన్ ఇంజనీర్ రైనర్ పిల్జ్ ఈ మాట వాడాడు. మాట కొత్తదే కానీ పని కొత్తది కాదు. కశ్మీర్ శాలువా తారీఖ్ చూడండి.

కానీ శాలువాలో రంగురంగుల పోగులను చిన్న చిన్న కర్ర కండెలతో, డిజైన్ ప్రకారం ఎక్కడికక్కడ నేస్తారు. ఒక్క మగ్గం మీద పూర్తి కావాలంటే నెలలు కాదు, ఏళ్లు పట్టేది. అందుకే 19వ శతాబ్దంలో ఒకే శాలువాను ముక్కలుగా పలు మగ్గాల మీద నేసేవారు. ఆ ముక్కలను కలిపి ఒకే బట్టగా చూపించింది రఫూగరే. అంటే రఫూగర్ రిపేరుకు మాత్రమే వచ్చినవాడు కాదు, తయారీలోనే షరీక్.

శాలువా మధ్య భాగం అరిగిపోతే? పూల అంచులను జాగ్రత్తగా విప్పి కొత్త పష్మీనా మీద అమర్చేవారు. తర్వాత 1870-71లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధంతో ఐరోపా బజారు కూలింది, ఫ్యాషన్ కూడా మారింది. అక్కడి ఆడవాళ్లు శాలువాలను పారేయలేదు, కత్తిరించి కోట్లు కుట్టించుకున్నారు. అవి ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఈ హునర్ కశ్మీర్‌లోనే ఆగలేదు. ఉత్తరప్రదేశ్‌లో 18వ శతాబ్దపు రోహిల్లా సర్దార్ నజీబుద్దౌలా కట్టించిన నజీబాబాద్‌లో తరతరాల రఫూగర్ ఖాందాన్‌లు ఉన్నాయి. 2018లో చనిపోయిన టెక్స్‌టైల్ కళాకారిణి ప్రియా రవీష్ మెహ్రా వాళ్ల పనిని ఏళ్ల తరబడి నమోదు చేసి, ఎగ్జిబిషన్లలో లోకానికి చూపించారు.

దీంట్లో అసలు సబక్ ఏమిటంటే, రెండో జిందగీ దక్కాలంటే మొదటి జిందగీ గట్టిదై ఉండాలి. శాలువా పోగు మంచిది, నేత మంచిది కాబట్టే నూరేళ్ల తర్వాత కూడా విప్పి కలపడానికి పనికొచ్చింది. మరి ఇవాళ్టి చవక చొక్కా? పాలిస్టర్, కాటన్ కలిసిన పోగు, లోపల మడతకు అర అంగుళం గుడ్డ కూడా వదలని కుట్టు. దాని చిరుగు ముందు ఎంత ఉస్తాద్ అయినా చేతులెత్తేయాల్సిందే. కాబట్టి డిజైనర్ మొదటి రోజే అడగాల్సిన సవాళ్లు మూడు: దీన్ని విప్పగలమా? మళ్లీ కుట్టడానికి గుడ్డ మిగిల్చామా? పోగు ఒకే రకమా?

ఇంకొకటి. పాత చీరతో చేసిన సంచీకి ఇప్పుడు షోరూంలో మంచి ధర పలుకుతోంది, లేబుల్ మీద డిజైనర్ పేరు మెరుస్తోంది. మన పట్టణాల్లో దర్జీ దుకాణం పక్కన, దీపం కింద తల వంచి కూర్చునే రఫూగర్‌తో మాత్రం పది రూపాయల దగ్గర బేరమాడతాం. అతుకు కనపడకపోవడం అతని కమాల్. ఆ కమాల్‌కే అతని మెహనత్ కూడా మన లెక్కలోకి రాకుండా పోయింది. ఈసారి రఫూకి ఇచ్చినప్పుడు బేరమాడకండి.