మారిషస్ పెరళ్లలో మారిషస్ మొక్కలు ఎందుకు లేవు?

మారిషస్ తోటల గురించి ఎవరు రాసినా వరుస ఒకటే. 1638లో డచ్చివారు స్థిరపడి ఎబొనీ చెట్లు కొట్టడం, 18వ శతాబ్దిలో ఫ్రెంచి అధికారి పియేర్ ప్వావ్ర్ జాజికాయ, లవంగం తెప్పించి పాంప్లెమూస్ తోట‌లో నాటించడం, 1834 నుంచి భారతీయ కూలీల రాక. చివర ఒక తీర్పు: వలస వచ్చినవాళ్లకు దీవి మొక్కల మీద మమకారం లేదు, అందుకే అవి పెరళ్లకెక్కలేదు. ఈ తీర్పుతో నేను ఏకీభవించలేను.

మమకారం కన్నా ముందు నేల ఎవరిదో చూడాలి. కూలీలు ఉన్నది చెరకు ఎస్టేట్ల కాంపుల్లో. గుడిసె దొరది, దాని చుట్టూ ఉన్న జానెడు నేలా దొరదే. పని పోతే ఇల్లూ పోతుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎదిగే ఎబొనీని అలాంటి చోట ఎవరు నాటుతారు? కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువారైనా, బీహారు నుంచి వచ్చినవారైనా త్వరగా కూరకందే మునగను, కరివేపాకును, పూజకు తులసిని పెంచుకున్నారంటే అది వివేకమే.

19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో చక్కెర ధరలు పడిపోయాయి. ఎస్టేట్లు నేలను ముక్కలు చేసి అమ్మాయి. భారతీయులు పెద్ద సంఖ్యలో సొంత నేల కొన్నది అప్పుడే. కానీ అప్పటికే చెరకు సాగు మైదానపు అడవిని మింగేసింది. 1866-68 నాటి మలేరియా విజృంభణకు అడవుల నరికివేత కూడా కారణమేమోనని అధికారులే కలవరపడేంతగా దీవి బోడిబారింది. పెరడు చేతికొచ్చేసరికి విత్తనమిచ్చే చెట్టు కొండల మీదికీ, లోయల్లోకీ వెళ్లిపోయింది.

నేల ఒక్కటే కారణమని అనను. ఎకరాలకొద్దీ సొంత తోటలున్న ఫ్రెంచి సంతతి దొరలు కూడా మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయినే ముచ్చటపడి నాటారు. అభిరుచి పాత్ర ఉంది. అయితే ఆ నింద కూలీ ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం.

స్థానిక మొక్కలు మచ్చికకు లొంగవన్న మాట మరొకటి. 1977లో జీవశాస్త్రవేత్త స్టాన్లీ టెంపుల్, డోడో పక్షి కడుపులో అరిగితే తప్ప స్థానిక తంబలకోక్ చెట్టు గింజ మొలవదన్నారు. ఆ కథ లోకమంతా పాకింది. డోడో ప్రమేయం లేకుండానే గింజలు మొలిచాయనీ, డోడో అంతరించాక పుట్టిన చెట్లు కూడా ఉన్నాయనీ చూపిన ఖండనలకు అంత ప్రచారం రాలేదు. మరో స్థానిక చెట్టు బాటిల్ పామ్ సంగతి చూడండి. మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్‌లో మేకలూ కుందేళ్లూ మొలకలు మేసేయడంతో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చెట్లకు దిగజారింది. అదే చెట్టు ఉష్ణమండలపు తోటలన్నిటా సునాయాసంగా పెరుగుతోంది, మన నర్సరీల్లోనూ అమ్ముడుపోతోంది. లోపం మొక్కలో లేదు.

ఇప్పటి పరిస్థితి మెరుగేగానీ తృప్తికరం కాదు. 1992లో ట్రోకేషియా బూటోనియానాను జాతీయ పుష్పం చేశారు. సహజంగా అది మిగిలింది ల మోర్న్ కొండ మీదే. పేరుకు దక్కిన గౌరవం వాకిళ్లకు చేరలేదు. హోటళ్లు అందానికి తలా ఒక మొక్క నాటి స్థానిక తోట అంటున్నాయి. కానీ విడి మొక్క చాలదు. ట్రోకేషియా సోదరజాతి ఒకదానికి పుప్పొడి మోసేది పచ్చ బల్లి. ఆ బల్లి మొగలి జాతి పొదల్లో తలదాచుకుంటుంది. పొద దగ్గరున్న మొక్కలకే కాయలు ఎక్కువ. కాబట్టి పెరట్లోనైనా మొక్కలను జతకూర్చి పెంచాలి.

మంచి స్థితిలో ఉన్న స్థానిక అడవి నేడు దీవిలో 2 శాతం లోపే. చైనా జామ కమ్ముకుంటున్న ఆ కాస్త అడవిని కలుపు తీసి కాపాడే పని పెరళ్ల వల్ల కాదు. అవి చేయగలిగింది విత్తనాన్ని జనం మధ్యకు తేవడం. నర్సరీల్లో దీవి మొక్క బోగన్‌విల్లా అంత చౌకగా, అంత తేలిగ్గా దొరకనివ్వండి. ఆ తర్వాత కూడా నాటకపోతే అప్పుడు జనాన్ని తప్పుపట్టవచ్చు.