సింధు వెంట, గొంప నుంచి గొంపకి

చోగ్లమ్‌సర్ దాటేసరికి వేళ్లు మొద్దుబారిపోయాయి. తోలు గ్లవ్స్ లోపల ఉన్ని గ్లవ్స్ ఇంకో జత ఉన్నా, క్లచ్ నొక్కుతున్నట్టు చేతికి తెలియడం లేదు. సెప్టెంబరు నెల. కుడివైపు పోప్లార్ చెట్ల వెనకాల సింధు నది పారుతోంది, దాని అవతల స్తోక్ పర్వతాలు. ఎండ ఇంకా ఆ శిఖరాల మంచు మీదే ఉంది, లోయలోకి దిగలేదు. లేహ్ ఊరు నిద్ర లేవకముందే బయలుదేరాను. తిక్సే గొంపలో, అంటే బౌద్ధ ఆరామంలో, పొద్దుటి ప్రార్థన మొదలయ్యేలోపు మెట్లు ఎక్కేయాలి.

షే ఊరు దగ్గర రోడ్డుకి ఎడంపక్క కొండ మీద పాత రాజభవనం. ఒకప్పుడు లడఖ్‌కి ఇదే రాజధాని. ఊరి పక్కన బీడు నేల నిండా ఛోర్టెన్లు, మన స్తూపాలే. వందల్లో ఉన్నాయి. కొన్నింటికి కొత్త సున్నం, కొన్ని వానకీ గాలికీ కరిగి మట్టిదిబ్బలైపోతున్నాయి. ఇక్కడివాళ్లు ఛోర్టెన్‌ని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుని దాటుతారు. రోడ్డు మధ్యలో ఛోర్టెన్ వచ్చినా, ఓం మణి పద్మే హూం చెక్కిన రాళ్లు పేర్చిన పొడుగాటి గోడ వచ్చినా, బండి దానికి ఎడంపక్క నుంచే పోవాలి. మన దేశంలో బండి నడిపేది ఎలాగూ ఎడంపక్కే కాబట్టి ట్రాఫిక్ నియమం, భక్తి రెండూ ఒకే దారిలో నడుస్తాయి.

ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే తిక్సే. అడుగున భిక్షువుల చిన్న చిన్న తెల్ల ఇళ్లు, వాటి నెత్తిన ఇంకొన్ని, ఆ పైన ఇంకొన్ని. అలా పన్నెండు అంతస్తులు కొండని పట్టుకుని పైకి పాకి, శిఖరం దగ్గర ఎర్రగా, పసుపుగా గుడులై నిలబడ్డాయి. కొండ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో కనిపెట్టలేను. బండిని రెండో గేరులోకి దించి ఎక్కిస్తుంటే, పైకప్పు మీంచి బాకాల మోత వచ్చింది. హెల్మెట్ లోపల చెవులకి కాదు, ముందు ఛాతీకి తగిలింది. ఇద్దరు భిక్షువులు మనిషికన్నా పొడుగైన ఇత్తడి బాకాల్ని గోడ మీద ఆనించి ఊదుతున్నారు. ఇంజను ఆపేశాను.

ఇక నడక. దాదాపు పదకొండు వేల అడుగుల ఎత్తులో పది మెట్లు ఎక్కితే ఊపిరి అందదు. ఆగి, గోడకి ఆనుకుని, మళ్లీ ఎక్కాలి. నా పక్క నుంచి ఎనిమిదేళ్ల చిన్నారి భిక్షువు ఒకడు తనలో సగం ఉన్న టీ కెటిల్ మోసుకుంటూ పరుగెత్తుకుపోయాడు.

దుఖాంగ్, అంటే ప్రార్థన మందిరం, లోపల చీకటిగా ఉంది. చెక్క స్తంభాలు, వెన్న దీపాల వాసన, గోడల నిండా మసిబారిన దేవతలు. వరసల్లో కూర్చున్న భిక్షువులు గొంతు అడుగు నుంచి చదువుతున్నారు. మాట మాటకీ మధ్య ఖాళీ లేదు. ఒకరు ఊపిరి తీసుకునేలోపు ఇంకొకరు అందుకుంటారు. ఉన్నట్టుండి డప్పు, తాళాలు, సన్నాయిలాంటి గ్యాలింగ్, అన్నీ ఒక్కసారి లేచి, ఒక్కసారి ఆగిపోతాయి. ఇందాకటి చిన్నారి నా ముందుకొచ్చి గిన్నెలో వెన్న టీ పోశాడు. ఉప్పగా, జిడ్డుగా, వేడిగా ఉంది. టీ అనుకుని తాగితే నచ్చదు. చారు అనుకుని తాగితే ప్రాణం లేచొస్తుంది. భిక్షువులు అందులో బార్లీ పిండి కలిపి, వేళ్లతో ముద్ద చేసుకుని తింటున్నారు. వాళ్ల పొద్దుటి భోజనం అదే.

నేను తెలుగువాణ్ణి కాబట్టి అక్కడ కూర్చుంటే మనసు ఒకచోట ఆగింది. తిక్సే గెలుగ్ సంప్రదాయానిది. ఆ సంప్రదాయంలో చదువుకునే ప్రతి భిక్షువూ మాధ్యమిక దర్శనం చదవాలి, దానికి మూలపురుషుడు నాగార్జునుడు. ఆయన శాతవాహన రాజుకి రాసిన లేఖ, సుహృల్లేఖ, మూల సంస్కృతంలో మనకి దక్కలేదు. టిబెటన్‌లోకీ, చైనీస్‌లోకీ వెళ్లిన అనువాదాలే మిగిలాయి. ఆయన పేరు మోస్తున్న మన నాగార్జునకొండ లోయ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాక నాగార్జునసాగర్ నీళ్ల కిందకి వెళ్లింది. కొన్ని కట్టడాల్ని ఊడదీసి కొండ మీదా, అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. ఆ పని ఎంతో శ్రద్ధగా చేశారు, కాదనను. కానీ అక్కడ పొద్దున్నే ఎవరూ బాకా ఊదరు. కృష్ణ ఒడ్డున ఆగిపోయిన చదువు సింధు ఒడ్డున ఆగలేదు. ఆ సంగతి పుస్తకంలో చదవడం వేరు, గిన్నెలో టీ చల్లారుతుండగా వినడం వేరు.

పక్క గుడిలో మైత్రేయ బుద్ధుడున్నాడు. 1970లో దలైలామా వచ్చినదానికి గుర్తుగా కట్టిన గుడి అది. పదిహేను మీటర్ల విగ్రహం రెండు అంతస్తులు ఆక్రమించింది. మనం అడుగుపెట్టేది పై అంతస్తులోకి కాబట్టి, తలెత్తి చూడాల్సిన ముఖం సరాసరి మన ముఖానికి ఎదురుగా ఉంటుంది. పాదాలు చూడాలంటే కటకటాల మీంచి కిందికి వంగాలి. పెద్ద విగ్రహాలు మనిషిని చిన్నబుచ్చుతాయి. ఇది అలా చేయదు.

బండి గురించి చెప్పాలి. లేహ్‌లో అద్దె బళ్ల దుకాణాలు వీధికి పది కనిపిస్తాయి. నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుంటే అది అద్దె బండి. మనాలీలోనో శ్రీనగర్‌లోనో అద్దెకి తీసుకున్న బండితో ఇక్కడ చుట్టుపక్కల తిరగనివ్వరు. బండి ఇక్కడిదే అయుండాలని స్థానికుల పట్టు, అది న్యాయమే. ఏడాదిలో నాలుగైదు నెలలే దొరికే సంపాదన వాళ్లది. నాకిచ్చింది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. దుకాణం అబ్బాయి గొలుసు, బ్రేకులు, టైర్లు చూపించి, పంక్చర్ సామాను, స్పేర్ క్లచ్ కేబుల్ సంచీలో పెట్టి, నా కళ్లలోకి చూసి ఒకటే అడిగాడు: ‘‘వచ్చి ఎన్ని రోజులైంది? తలనొప్పి ఉందా?’’ లేదన్నాకే తాళం చేతిలో పెట్టాడు. విమానంలో దిగిన మనిషి కనీసం రెండు రోజులు ఒళ్లు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఇది సలహా కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

అందరూ ముందు ఖార్దుంగ్ లా కనుమకి పరుగెత్తుతారు. నేనూ వెళ్లాను. లేహ్ నుంచి నలభై కిలోమీటర్లు, అంతా ఎక్కడమే. బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది, సరిగ్గా కొలిస్తే 17,582. ఏ అంకె అయినా అక్కడ గాలి మన ఊళ్లో ఉన్న గాలిలో సగమే. మూడో గేరులో ఉరికే బండి మొదటి గేరులో మూలుగుతుంది. బోర్డు దగ్గర ఫొటో కోసం నిలబడ్డ గుంపుని చూశాక, ఆ ఎత్తుని ఒక గెలుపులా లెక్కేసుకోవడం నాకు రుచించలేదు. కనుమ దాటి నుబ్రా లోయలోకి దిగితే దిస్కిత్ దగ్గర 32 మీటర్ల మైత్రేయుడు శ్యోక్ నదివైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. ఎక్కిన శ్రమకి ఫలం అక్కడుంది.

కానీ నన్ను పట్టేసిన దారి పడమటిది, శ్రీనగర్ వైపు పోయేది. పత్తర్ సాహిబ్ గురుద్వారాలో తల వంచి, వేడి టీ తాగి, నిమ్ము దగ్గర ఆగాను. రోడ్డు అంచున నిలబడితే కింద జంస్కార్ నది వచ్చి సింధులో కలుస్తోంది. ఒకదాని నీళ్లు బూడిద రంగు, ఇంకోదానివి పచ్చదనం కలిసిన నీలం. కలిశాక కూడా కాసేపు పక్కపక్కనే నడుస్తాయి. బాస్గో మట్టికోట, లికిర్ బంగారు మైత్రేయుడు దాటిపోయాయి. సస్పోల్ తర్వాత వంతెన మీద సింధుని దాటి ఎడంపక్కకి తిరిగితే ఆల్చి.

అన్ని గొంపలూ కొండ మీద ఉంటే ఇది మాత్రం నేల మీద, జల్దారు చెట్ల మధ్య, ఊరి ఇళ్లలో ఒక ఇల్లుగా ఉంది. వీధిలో ఆడవాళ్లు ఎండు జల్దారు పళ్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ‘‘జూలే’’ అని పలకరిస్తే ‘‘జూలే’’ అన్నారు. ఒకావిడ రెండు పళ్లు నా చేతిలో పెట్టింది, కొనమని అడగలేదు. హెల్మెట్ ఆమె దగ్గరే వదిలి లోపలికి వెళ్లాను.

సుమ్‌సెక్ మూడంతస్తుల గుడి. వాకిట్లో చెక్కతో చెక్కిన త్రిపత్ర తోరణాలు పక్కా కాశ్మీరీ పనితనం. లోపల ఫొటోలు తీయనివ్వరు, దీపాలు లేవు. తలుపులోంచి పడే వెలుగులో మూడు గూళ్లలో ముగ్గురు బోధిసత్త్వులు నిలబడ్డారు: ఎడమవైపు అవలోకితేశ్వరుడు, నడుమ మైత్రేయుడు, కుడివైపు మంజుశ్రీ. ఎంత ఎత్తంటే, వాళ్ల తలలు పై అంతస్తులోకి వెళ్లిపోయాయి. కింద నిలబడ్డవాడికి కనిపించేది ధోవతులే.

ఆ ధోవతుల కోసమే ఇంత దూరం రావచ్చు. కాపలా భిక్షువు చేతి టార్చి అవలోకితేశ్వరుడి మోకాలి మీద పడింది. గుడులు, రాజభవనాలు, గుర్రాల మీద మనుషులు, అన్నీ అరచేతిలో సగం కూడా లేనంత చిన్న బొమ్మలు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి కాశ్మీరం అది. అక్కడ ఆ గుడులు కూలిపోయాయి, వాటిలోని బొమ్మలు పోయాయి. వాటి రంగులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఈ బట్ట మీద వెతకాలి. మైత్రేయుడి ధోవతి మీద బుద్ధుడి జీవితం. మంజుశ్రీ ధోవతి మీద 84 మంది సిద్ధులు. నేలకి ఒరిగి, ఊపిరి బిగబట్టుకుని, వెలుగు వెంట కళ్లు నడిపించాను. సిద్ధుల జాబితాలో నాగార్జునుడి పేరుంది. రసవాదం తెలిసిన ఆ సిద్ధుడూ దార్శనికుడూ వేర్వేరు మనుషులని చరిత్రకారులు అంటారు, టిబెటన్ సంప్రదాయం ఇద్దర్నీ ఒక్కరుగానే కొలుస్తుంది. ఈ చిన్న బొమ్మల్లో ఆయన ఎవరో నేను పోల్చలేను. ఎవరో ఒకరు ఆయనే, అది చాలు. టార్చి ఆగే దాకా చూశాను.

మళ్లీ పడమటి రోడ్డెక్కాను. లామాయురు దగ్గర నేల పసుపు మైనపు ముద్దలా మడతలు పడి ఉంది. ఒకప్పుడిది సరస్సు అడుగు. పైనున్న గొంపలో సిద్ధుడు నరోపా తపస్సు చేశాడని చెప్పే గుహ ఉంది. మధ్యాహ్నం గాలి లేచింది, అందుకని ఎక్కువసేపు ఆగలేదు. ఫోతు లా, 13,479 అడుగులు. కనుమ మీది ప్రార్థన జెండాలు చెవుల దగ్గరే కొట్టుకుంటున్నట్టుంది. గాలి బండిని పక్కకి తోసేస్తుంటే తొడలతో ట్యాంకుని బిగించి పట్టుకున్నాను. నమీకా లా దిగాక గాలి తగ్గింది, బార్లీ కోసిన మడులు మొదలయ్యాయి.

ముల్బేఖ్‌లో రోడ్డు పక్కనే ఒంటరి రాయి. దాని మీద నాలుగు చేతుల మైత్రేయుడు, దాదాపు తొమ్మిది మీటర్లు, నిలబడి ఉన్నాడు. తల మీద కప్పు లేదు. కాశ్మీర్ నుంచి లడఖ్ వైపు గుర్రాలతో వచ్చే వర్తకులకి ఎదురయ్యేలా చెక్కారు, ఇప్పుడు లారీ డ్రైవర్లకి ఎదురవుతున్నాడు. ఎదురుగా టీ కొట్టు. కొట్టు పెద్దాయన నా బండి మీది దుమ్ము, నా ముఖం మీది దుమ్ము చూసి ముందు నీళ్లిచ్చాడు.

‘‘ఎక్కడి నుంచి?’’

‘‘ఆంధ్ర నుంచి, మేమే-లే.’’ పెద్ద వయసు మగవాళ్లని ఇక్కడ అలాగే పిలుస్తారు.

ఆయన చేతిలో గరిటె ఆగింది. ‘‘అమరావతి?’’

2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈయన వెళ్లాడట. బుద్ధుడు కాలచక్రం మొదట చెప్పింది అక్కడి ధాన్యకటకంలోనేనని వీళ్ల నమ్మకం. రైలు, ఇంకో రైలు, బస్సు. ‘‘జనవరిలో కూడా చెమటలు పోశాయి. కృష్ణలో రోజూ స్నానం చేశాం. అంత నీళ్లున్న నది మేం చూడలేదు.’’ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: ‘‘ఆ స్తూపం మళ్లీ కట్టారా?’’

లేదని చెప్పాను. దిబ్బా పునాదీ మిగిలాయనీ, చెక్కిన రాళ్లు చాలావరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయనీ చెప్పాను. ఆయన తలూపాడు. జాలి పడలేదు, తప్పుపట్టలేదు. మనవడు లేహ్‌లో చదువుకుంటున్నాడట, వాణ్ణి తీసుకుని ఒకసారి మళ్లీ రావాలని ఉందట, ఈసారి నాగార్జునకొండ కూడా చూడాలట. దారి అడిగాడు.

బిస్కెట్ అట్ట చించి దాని వెనక గీశాను. విజయవాడ దాకా రైలు. అక్కణ్ణుంచి అమరావతికి బస్సు. తర్వాత గుంటూరు, మాచర్ల, విజయపురి సౌత్. అక్కడ లాంచీ ఎక్కితే కొండకి చేరుస్తుంది. లాంచీ పొద్దున్నే పట్టుకోమని రాశాను. జనవరిలోనే రండి, మేలో మాత్రం వద్దు అని హిందీలో రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆయన అట్టని మడిచి తన గోంచా, అంటే పొడుగాటి అంగీ, లోపలి జేబులో పెట్టుకుని, కార్గిల్ ఇంకా నలభై కిలోమీటర్లుందనీ, చీకటి పడకముందే బయలుదేరమనీ తొందరపెట్టాడు. టీ డబ్బులు తీసుకోలేదు.