పసిపిల్లలకు డబ్బా పాలు: పొడి మేలా, లిక్విడ్ మేలా?

తల్లిపాలకు సాటి లేదు. అయితే తల్లికి పాలు చాలనప్పుడో, ఆమె ఆరోగ్యం బాగోనప్పుడో డాక్టర్ ఫార్ములా పాలు రాస్తారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి చుట్టుపక్కల మెడికల్ షాపుల్లో సాధారణంగా ఇచ్చేది పొడి డబ్బానే. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో బంధువులు తెస్తే తప్ప లిక్విడ్ ఫార్ములా కంటపడేది తక్కువ.

రెండింటికీ అసలు తేడా ఏమిటి?

పోషకాలు దాదాపు ఒకటే. తేడా సూక్ష్మజీవుల దగ్గరే. లిక్విడ్ ఫార్ములా సీల్ తీసేదాకా సూక్ష్మజీవులు లేకుండా ఉంటుంది. పాలపొడి అలా కాదు. అందులో అరుదుగా క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. 2022లో అమెరికాలో అబాట్ కంపెనీ ఈ భయంతోనే పొడి ఫార్ములాను వెనక్కి తీసుకుంది. లిక్విడ్ రకాలు ఆ జాబితాలో లేవు. నెలలు నిండకుండా పుట్టినవారికి, 2 నెలల లోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. వీళ్లకు ఏది పట్టాలో డాక్టర్‌నే అడగాలి.

పొడి కలిపే పద్ధతి

చేతులు కడుక్కుని, సీసాను మరిగించాలి. నీళ్లు బాగా మరిగాక అరగంట దాటకుండా వాడాలి; కనీసం 70 డిగ్రీల వేడి ఉంటేనే బ్యాక్టీరియా చస్తుంది. ముందు నీళ్లు, తర్వాత పొడి. డబ్బాలో ఇచ్చిన స్కూప్‌తోనే, తలకొట్టి కొలవాలి. సీసాను చల్లటి నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టుపై వేసి చూసి పట్టాలి. 2 గంటల్లో తాగని పాలు పారబోయాలి. నానీ కలిపినా, దాదీ కలిపినా ఇదే లెక్క.

లిక్విడ్ అయితే

లేబుల్ చదవాలి. 'రెడీ టు ఫీడ్' అని ఉంటే నీళ్లు కలపకూడదు. 'కాన్‌సన్‌ట్రేట్' అయితే లేబుల్ చెప్పినన్ని నీళ్లు కలపాల్సిందే. మూత తీశాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

ఖర్చు

400 గ్రాముల పొడితో సుమారు 3 లీటర్ల పాలు వస్తాయి. డబ్బా ధరతో కాదు, 100 మిల్లీలీటర్లకు ఎంత పడుతుందో పోల్చుకోవాలి. ఆ లెక్కన పొడే చవక. కానీ డబ్బా ఇంకో వారం రావాలని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డ బరువు పెరగదు, ప్రాణానికే ముప్పు రావొచ్చు. పొడి ఎక్కువైతే కిడ్నీలపై భారం పడుతుంది.

1992 నాటి చట్టం ప్రకారం మన దేశంలో ఫార్ములా పాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచడం నేరం. కాబట్టి ఎవరైనా శాంపిల్ ఇస్తే తీసుకోకుండా డాక్టర్ మాటే వినాలి.

బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, మత్తుగా పడుకున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.