డిసెంబరు 25: ఒక తేది, రెండు పద్దులు

రోమక చక్రవర్తి ఆరీలియను క్రీ. శ. 274లో అజేయ సూర్యునకు రోము నగరమున ఆలయమును ప్రతిష్ఠించెను. క్రీ. శ. 354 నాటి రోమక పంచాంగ సంపుటమొకటి నకళ్ల రూపమున మనకు దక్కినది. అందు డిసెంబరు 25వ తేదికెదుట ‘అజేయుని జన్మదినము’ అనియు, 30 రథపు పందెములనియు వ్రాయబడియున్నది. ఆ సంపుటముననే మరియొకచోట, అదే తేదిన క్రీస్తు బెత్లెహేమున జన్మించెనని కలదు. సువార్తలలో మాత్రము జనన తేది లేదు.

కావున క్రైస్తవులు సూర్యోత్సవ దినమునే గ్రహించిరని పలువురు పండితుల మతము. మరికొందరు, మార్చి 25న గర్భధారణమని యెంచి, తొమ్మిది నెలలు కూడి ఈ తేదిని సాధించిరందురు.

ఒకే తేదిన రెండు పద్దులున్నంత మాత్రమున ఒకదాని నుండి మరొకటి పుట్టెనని లెక్కలు వ్రాయువాడెవడును తీర్పు చెప్పడు. ఈ పద్దును చూపి పొరుగువాని పండుగను పరిహసించుటయు, వాని మనసు నొచ్చునని పద్దునే దాచుటయు, రెండును తగవు.