ఉమ్మడి సొత్తుకు యజమాని ఎవరు? (ఓపెన్ సోర్స్ డేటాబేస్‌ల చరిత్ర)

పూర్వము మన గ్రామములలో కరణముగారి ఇంట ఒక భోషాణము ఉండెడిది. ఊరి భూముల లెక్కలు, శిస్తు బాకీలు, పంటల వివరములు దస్త్రములుగా కట్టి అందులో భద్రపరచెడివారు. ఎవరి పొలము ఎంత, ఎవరు ఎంత చెల్లించవలెను అను ప్రశ్న వచ్చినపుడు ఆ దస్త్రము విప్పవలసినదే. లెక్కలు ఊరందరివి, భోషాణము మాత్రము ఒక్క ఇంటిది. కరణము మంచివాడైనచో చిక్కు లేదు. కాకపోయినచో రైతుకు మరొక దారి లేదు. ఆంధ్రప్రదేశములో ఆ పదవులు 1984లో రద్దయినవి.

నేడు దస్త్రము స్థానమున డేటాబేస్ వచ్చినది. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి చీటీ, ఏది తీసికొన్నను దాని వెనుక ఒక డేటాబేస్ ఉండును. లెక్కలు మనవే. కాని ఆ లెక్కలను దాచి, వెదకి, అడిగిన క్షణమున అందించు ప్రోగ్రాము ఎవరిది? ఈ ప్రశ్నకు గత యాభై ఏండ్లలో వచ్చిన సమాధానములను ఇచ్చట పరిశీలింతము.

1970లో అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసము ప్రకటించినారు. సమాచారమును పట్టికల రూపమున ఉంచవలెననియు, కావలసినది ఏదో చెప్పి అడిగినచో చాలుననియు, అది యంత్రములో ఎక్కడ ఏ విధముగా నిలువయై ఉన్నదో అడుగువానికి తెలియనక్కరలేదనియు దాని సారాంశము. ఈ ఒక్క బీజమునుండి రెండు శాఖలు పుట్టినవి. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అను ఆచార్యులు 1973లో ఇన్‌గ్రెస్ అను డేటాబేస్ నిర్మాణమునకు పూనుకొన్నారు. దాని ప్రతులను స్వల్ప రుసుముతో కోరినవారికి పంపినారు. 1977లో లారీ ఎల్లిసన్, మరి ఇద్దరు మిత్రులు కలిసి ఒక కంపెనీ స్థాపించి, 1979లో ఒరాకిల్ అను డేటాబేస్‌ను విపణికి తెచ్చినారు. మొదటిది పాఠశాల మార్గము, రెండవది అంగడి మార్గము.

ఈ భేదము తెలియుటకు ఒక్క విషయము గ్రహింపవలెను. ప్రతి ప్రోగ్రామునకును రెండు రూపములు కలవు. మనుష్యుడు వ్రాసి, మనుష్యుడు చదువగల మూలపాఠము ఒకటి; దీనినే సోర్స్ కోడ్ అందురు. యంత్రము మాత్రమే గ్రహింపగల రూపము మరొకటి. అంగడి కంపెనీలు సాధారణముగా రెండవదానిని అమ్మి, మొదటిదానిని దాచుకొనును. అట్లు దాచుట సరికాదని వాదించిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను సంస్థను స్థాపించి, జి.పి.ఎల్. అను లైసెన్సును రూపొందించినారు. దాని ప్రకారము ప్రోగ్రామును ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. కాని మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే ఇతరులకును ఈయవలెను. 1998లో ఇట్టి సాఫ్ట్‌వేరునకు ఓపెన్ సోర్స్ అను పేరు ప్రచారములోనికి వచ్చినది.

ఇక వ్యాపారపు కథ. 1995లో ఫిన్లండు దేశీయుడు మైకేల్ వీడేనియస్, స్వీడన్ దేశీయులు డేవిడ్ ఆక్స్‌మార్క్, ఆలన్ లార్సన్ కలిసి మై ఎస్.క్యూ.ఎల్. అను డేటాబేస్‌ను వెలువరించినారు. అందలి ‘మై’ వీడేనియస్ గారి కుమార్తె పేరు. అది ఇంటర్నెట్టు వ్యాపించుచున్న కాలము. చిన్న చిన్న సంస్థలకు తేలికయైన, చౌకయైన డేటాబేస్ కావలసి వచ్చినది. 2000లో దీనిని జి.పి.ఎల్. క్రింద విడుదల చేసినారు. అయినను కంపెనీకి ఆదాయము ఉండవలెను గదా! అందుకు వారు వేసిన ఎత్తు ఇది. ప్రోగ్రాము అందరికిని ఉచితమే. కాని దానిని తమ సరుకులో చేర్చి, తమ మూలపాఠమును బయటపెట్టుటకు ఇష్టపడని కంపెనీలు డబ్బు చెల్లించి వేరొక లైసెన్సు కొనవలెను. ఇట్టి రెండవ లైసెన్సు అమ్ముటకు హక్కు కాపీరైటు గలవానికి మాత్రమే ఉండును. కావున బయటివారు వ్రాసి ఇచ్చిన భాగములకు సైతము కాపీరైటు హక్కును కంపెనీ తన చేతిలో ఉంచుకొన్నది. ఊరందరు నీరు తోడుకొను చెరువే. పట్టా మాత్రము ఒక్కరి పేర ఉన్నది.

పట్టా ఉన్న చోట బేరము కూడ ఉండును. 2005లో ఒరాకిల్ కంపెనీ ఫిన్లండులోని ఇన్నోబేస్ అను చిన్న సంస్థను కొన్నది. మై ఎస్.క్యూ.ఎల్. లోపల సమాచారమును భద్రముగా నిలువచేయు ముఖ్యభాగము ఆ సంస్థదే. 2008 జనవరిలో సన్ మైక్రోసిస్టమ్స్ సుమారు 100 కోట్ల డాలర్లకు మై ఎస్.క్యూ.ఎల్. కంపెనీనే కొనుచున్నట్లు ప్రకటించినది. మరుసటి ఏడాది ఏప్రిలులో ఒరాకిల్ ఆ సన్ కంపెనీని సుమారు 740 కోట్ల డాలర్లకు కొనుటకు సిద్ధపడినది. ఈ విధముగా అంగడి మార్గమున అగ్రగామియైన సంస్థకే దాని పోటీసరుకు దక్కబోవుచున్నది. ఐరోపా కమిషను 2009 సెప్టెంబరులో లోతైన విచారణకు పూనుకొన్నది. వీడేనియస్ ఈ బేరమునకు వ్యతిరేకముగా ప్రజల సంతకములు సేకరించినారు. ఒరాకిల్ డిసెంబరులో పది వాగ్దానములు చేసినది. 2010 జనవరి 21న కమిషను అనుమతి లభించినది.

అమ్ముడైనది ఏమి, మిగిలినది ఏమి? పేరు, కాపీరైటు, రెండవ లైసెన్సు అమ్ము హక్కు కొన్నవారికి చేరినవి. కాని అంతకుముందే జి.పి.ఎల్. క్రింద వెలువడిన మూలపాఠమును తిరిగి లాగికొనుట ఎవరి తరమును కాదు. 2009లో వీడేనియస్ ఆ పాఠమునే తీసికొని, రెండవ కుమార్తె పేర మరియాడీబీ అను వేరు శాఖను ప్రారంభించినారు. 2013లో వికీపీడియా ఆ శాఖకు మారినది. కాని కాపీరైటు తన చేత లేనందున, పాత పద్ధతిలో రెండవ లైసెన్సు అమ్మి జీవించుట ఈ కొత్త శాఖకు సాధ్యము కాలేదు. ఒరాకిల్ సైతము మై ఎస్.క్యూ.ఎల్.‌ను చంపివేయలేదు. నేటికిని దానిని జి.పి.ఎల్. క్రింద వెలువరించుచునే ఉన్నది. ఈ మాట చెప్పకపోయినచో చరిత్రకు అన్యాయము చేసినవారమగుదుము. అయినను దాని భవిష్యత్తు ఒక్క ఇంటి నిర్ణయముపై ఆధారపడి ఉన్నది.

దీనికి భిన్నమైన కథ మరొకటి కలదు. స్టోన్‌బ్రేకర్ 1986లో బర్క్‌లీలోనే పోస్ట్‌గ్రెస్ అను కొత్త ప్రయత్నము మొదలుపెట్టినారు. ఎనిమిదేండ్లలో విశ్వవిద్యాలయము ఆ పని చాలించినది. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అను ఇద్దరు విద్యార్థులు దానిని సవరించినారు. 1996 నుండి వేర్వేరు దేశములవారు దానిని చేపట్టి పోస్ట్‌గ్రెస్ ఎస్.క్యూ.ఎల్. అని పేరు పెట్టినారు. దీని లైసెన్సు జి.పి.ఎల్. కంటె సడలినది, మూలపాఠము తీసికొని దాచుకొన్నను ఆక్షేపణ లేదు. కాని కాపీరైటు ఏ ఒక్క కంపెనీ చేతిలోను లేదు. అది వ్రాసినవారందరి మధ్య చెదరి ఉన్నది. కొందమన్నను అమ్మువాడు కానరాడు.

దీని బలము 2001లో తెలిసివచ్చినది. గ్రేట్ బ్రిడ్జ్ అను అమెరికా కంపెనీ అంతకు ముందు ఏడాదిలో ఏర్పడి, ఈ పనిలో ముఖ్యులైన కొందరిని జీతములిచ్చి నియమించుకొన్నది. ఆదాయము చాలక 2001లో మూతపడినది. ఆ ముఖ్యులు వేరు కంపెనీలలో చేరి పని కొనసాగించినారు. కంపెనీ పోయినది, డేటాబేస్ నిలిచినది. పిమ్మట అనేక కంపెనీలు దీనిచుట్టు చేరినవి. కొన్ని మరమ్మతు, సలహా అమ్మును. కొన్ని యంత్రములపై నడిపి అద్దెకిచ్చును. అంగడిలో పోటీపడుచునే, మూలపాఠము బాగుచేయుటకు తమ ఉద్యోగులను పంపుచుండును.

ఇచ్చటను ప్రమాదము రాకపోలేదు. నిర్వాహక బృందములో ఒకే కంపెనీవారు సగమునకు మించరాదని అలిఖితమైన కట్టుబాటు ఉండెడిది. 2020 అక్టోబరులో ఎంటర్‌ప్రైజ్‌డీబీ అను కంపెనీ మరొక కంపెనీని కొనుటతో అయిదుగురిలో ముగ్గురు ఒకే యజమానివారైనారు. మరుసటి నెలలో బృందము బయటినుండి ఇద్దరిని చేర్చుకొని, ముగ్గురిని ఏడుగురిలో ముగ్గురుగా చేసినది. కోర్టు లేదు, తగాదా లేదు. కట్టుబాటును గౌరవించువారు ఉన్నందున అది నిలిచినది.

అయినను ఉమ్మడి సొత్తు దానంతటదే వర్ధిల్లునని భ్రమపడరాదు. చెరువునీరు అందరును వాడుకొని, పూడిక తీయు రోజున ఎవరును రాకపోయినచో చెరువు మిగులదు. వ్రాసిన కంపెనీకంటె, యంత్రములపై నడిపి అద్దెకిచ్చు మహాసంస్థలకే లాభము ఎక్కువగుచున్నదని కొందరి ఫిర్యాదు. అందు న్యాయము లేకపోలేదు. రెడిస్ అను డేటాబేస్ కంపెనీ 2024 మార్చిలో తన లైసెన్సును బిగించినది. కొద్ది దినములలోనే పెద్ద సంస్థలు పాత మూలపాఠముతో వాల్కీ అను వేరు శాఖను నెలకొల్పినవి. 2025 మేలో రెడిస్ తిరిగి ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడ చేర్చినది. తలుపు బిగించినను, పోవలసినవారు అప్పటికే వేరొక దారి పట్టినారు.

మన కేంద్రప్రభుత్వము 2015లో తన కార్యాలయముల కంప్యూటరు వ్యవస్థలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమీయవలెనని విధానము ప్రకటించినది. ఇది ఖర్చు తగ్గించుకొను మాట మాత్రమే కాదు. ప్రజల లెక్కలుంచు భోషాణమునకు తాళపుచెవి ఎవరి చేత ఉండవలెనను మాట. ఇట్టి సాఫ్ట్‌వేరు తీసికొనునపుడు లైసెన్సు ఏమి అని మాత్రమే అడిగిన చాలదు. కాపీరైటు ఎవరిది, పేరు ఎవరిది, దీనిని ఎందరు పోషించుచున్నారు, అందులో మన వంతు ఎంత అనియు అడుగవలెను. కరణముగారి ఇంటి ముందు నిలిచిన రైతుకు ఈ ప్రశ్నలు వేయు అవకాశము లేకపోయినది. మనకు కలదు.